రికార్డు కొనుక్కుంటే ఎల్‌ఎల్‌బీలో ఇంకేం మిగులుతుంది?

మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ అంటే పరీక్షల ముందు గైడు తిరగేసి రాసేసే డిగ్రీ అని మన దగ్గర పేరుపడిపోయింది. థియరీ పేపర్లు అలా గట్టెక్కుతాయేమో. నా కోపం రికార్డుల మీద, అంటే ప్రాక్టికల్ పేపర్లకి రాసి ఇవ్వాల్సిన పుస్తకాల మీద. సీనియర్ రికార్డు చూసి ఎత్తి రాయడం, జిరాక్స్ షాపులో రెడీమేడ్‌గా కొనడం, డబ్బిచ్చి రాయించడం ఇప్పుడు మామూలైపోయింది. మొత్తం కోర్సులో వకీలు పని నేర్పేది ఆ రికార్డు ఒక్కటే.

మూట్ కోర్ట్ (ఉత్తుత్తి కోర్టులో వాదించడం) పేపర్‌కి బార్ కౌన్సిల్ ఇచ్చిన లెక్క చూడండి. మూడు మూట్లకు 30 మార్కులు, ఒక సివిల్, ఒక క్రిమినల్ కేసు విచారణ చూసి రాసినందుకు 30, క్లయింట్ ఇంటర్వ్యూ, ఫైలింగ్ పనులకు 30, వైవాకు 10. ఇందులో సగానికి పైగా క్లాసు గది బయట చేయాల్సిన పనే.

కోర్టుకి వెళ్లినవాళ్లు కూడా చాలామంది ఒక పూట కూర్చుని, వాయిదాల పిలుపులు విని, ఏమీ అర్థం కాలేదని లేచి వచ్చేస్తారు. కేసు ఎంచుకోవడంలోనే తప్పు జరుగుతోంది. కొత్తగా వేసిన దావా పట్టుకుంటే సమన్లు, రిటన్ స్టేట్‌మెంట్ (ప్రతివాది జవాబు) దగ్గరే సెమిస్టర్ అయిపోతుంది. ఇష్యూస్ (కోర్టు తేల్చాల్సిన అంశాలు) ఫ్రేమై, సాక్ష్యం దశలో ఉన్న దావా కావాలి. ఈ-కోర్ట్స్ యాప్‌లో సీఎన్ఆర్ నంబరు (ఒక్కో కేసుకి ఇచ్చే ప్రత్యేక నంబరు) కొడితే దశ, తర్వాతి వాయిదా కనిపిస్తాయి. సివిల్‌లో చీఫ్ (సాక్షి తన పక్షాన ఇచ్చే మొదటి సాక్ష్యం) అఫిడవిట్ రూపంలో వస్తుంది కాబట్టి మీరు వినేది క్రాసే, అంటే ఎదుటి వకీలు అడిగే ప్రశ్నలే. చీఫ్ నోటితో చెప్పడం చూడాలంటే సెషన్స్ కేసుకి (హత్యలాంటి పెద్ద నేరాల విచారణకి) వెళ్లండి. పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల) కేసుల్లో విచారణ తలుపులు మూసి జరుగుతుంది, అక్కడ మిమ్మల్ని కూర్చోనివ్వరు. చెక్ బౌన్స్ కేసును క్రిమినల్ కోటాలో రాసేయకండి. అది ప్రైవేటు ఫిర్యాదు. ఎఫ్‌ఐఆర్, ఛార్జిషీటు లేనిదాంట్లో పోలీసు దర్యాప్తు ఎలా కనిపిస్తుంది?

తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు ఇంగ్లీషు గురించి పడే భయానికి కూడా మందు అక్కడే ఉంది. సాక్షి తెలుగులో చెబుతాడు, జడ్జి గారు దాన్ని అప్పటికప్పుడు ఇంగ్లీషులో డిక్టేట్ చేస్తారు. వకీలు 'మీరు చెప్పేది అబద్ధం' అంటాడు, సాక్షి 'కాదండీ' అంటాడు. కోర్టు రికార్డులోకి ఎక్కేది 'ఇట్ ఈజ్ నాట్ ట్రూ టు సజెస్ట్ దట్...' అని. నోట్‌బుక్‌లో ఎడమ పేజీ తెలుగుకి, కుడి పేజీ ఇంగ్లీషుకి కేటాయించి నాలుగు క్రాస్‌లు రాసుకోండి. ఏ స్పోకెన్ ఇంగ్లీషు కోర్సులోనూ దొరకని భాష అది. దావాలో వాది కాగితాలు ఎ-1 నుంచి, ప్రతివాదివి బి-1 నుంచి, క్రిమినల్‌లో ప్రాసిక్యూషన్‌వి పి-1 నుంచి మార్క్ అవుతాయని కూడా అక్కడే కళ్లారా చూస్తారు.

డ్రాఫ్టింగ్ పేపర్లో 15 ప్లీడింగ్ (కోర్టులో వేసే కాగితాలు) ఎక్సర్‌సైజులకు కలిపి 45 మార్కులు, 15 కన్వేయన్సింగ్ (ఆస్తి దస్తావేజులు) ఎక్సర్‌సైజులకు కలిపి ఇంకో 45. ఎత్తి రాసిన ప్లెయింట్ (దావా పత్రం) ఎక్కడ దొరికిపోతుందో ఇట్టే చెప్పొచ్చు. కాజ్ ఆఫ్ యాక్షన్ (దావా వేయడానికి కారణం) పేరాలో ఒక తేదీ, కథనంలో ఇంకో తేదీ. వాల్యుయేషన్ (దావా విలువ) పేరా ఖాళీ. ఆస్తి షెడ్యూల్‌లో నాలుగు హద్దుల బదులు మూడు. చివర వెరిఫికేషన్ (రాసింది నిజమేనని వాది చేసే సంతకం) ఉండదు. నిజమైన ఫైలింగ్‌లో ఇవే లోపాలకు కాగితాలు వెనక్కి వస్తాయి.

పాత రికార్డులతో ఇప్పుడు ఇంకో ప్రమాదం ఉంది. 2024 జులై 1 నుంచి కొత్త క్రిమినల్ చట్టాలు అమల్లోకి వచ్చాయి: నేరాలు, శిక్షలు చెప్పే ఐపీసీ స్థానంలో బీఎన్‌ఎస్, విచారణ పద్ధతి చెప్పే సీఆర్‌పీసీ స్థానంలో బీఎన్‌ఎస్‌ఎస్. సీఆర్‌పీసీలో సెక్షన్ 482 అంటే హైకోర్టులో క్వాష్ పిటిషన్ (కేసు కొట్టేయమని అడగడం). బీఎన్‌ఎస్‌ఎస్‌లో 482 అంటే ముందస్తు బెయిల్, క్వాష్ 528కి వెళ్లింది. హత్య ఐపీసీ 302 నుంచి బీఎన్‌ఎస్ 103కి మారింది. అలాగని ఐపీసీని అటకెక్కించలేం. ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకు ఇప్పటికీ ఐపీసీయే వర్తిస్తుంది. నేరం జరిగిన తేదీ చూడకుండా సెక్షన్ రాసేవాడి రికార్డు ఎత్తి రాసిందని మొదటి పేజీలోనే తెలిసిపోతుంది.

కోర్టుకి వెళ్లేటప్పుడు తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు, కాలేజీ లెటర్, ఐడీ కార్డు చాలు. నెక్‌బ్యాండ్, గౌను ఎన్‌రోలైన వకీళ్లవి, మీరు వేసుకోకూడదు. ఫోన్ ఆపేయండి. పదిన్నరకి ముందే వెళ్లి గోడకి అతికించిన కాజ్ లిస్ట్ (ఆ రోజు కేసుల జాబితా) చదవండి. మీ కేసు ఏ నంబరులో ఉందో చూసుకుని వెనక బెంచీలో కూర్చోండి.