ముందు చా-చా నేర్పండి, రొటీన్ తర్వాత నేర్పొచ్చు

పెళ్లిళ్ల సీజన్ దగ్గర పడితే చాలు, ‘వారంలో కపుల్ చా-చా’ అంటూ ప్రకటనలు మొదలవుతాయి. చా-చా అంటే క్యూబాలో పుట్టిన జంట డాన్స్. సంగీత్ కోసం రెండు నిమిషాల పాట, దానికి సరిపడా ఒక రొటీన్, అంటే ముందే కూర్చిపెట్టిన స్టెప్పుల వరుస. మొదటి క్లాసులోనే రొటీన్‌లో మొదటి ముక్క, మర్నాడు రెండో ముక్క. చివరికి టీచరు వీడియో తీసి పంపుతారు, ఇంట్లో అది చూస్తూ బట్టీ కొట్టాలి.

దీని మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. ఇది జంటగా చేసే డాన్స్ నేర్పడం కాదు. ఇద్దరికీ విడివిడిగా రెండు సోలోలు కంఠతా పట్టించి, చేతులు కలిపి నిలబెట్టడం. అనుమానం ఉంటే అదే వేగంలో ఉన్న ఇంకో పాట పెట్టి చూడండి. చాలా జంటలకు మొదటి అడుగు ఎక్కడ వేయాలో కూడా తెలియదు. స్టేజి మీద ఒకరు ఒక స్టెప్ మర్చిపోతే రెండోవాళ్లు కూడా ఆగిపోతారు, ఎందుకంటే తిరిగి కలుసుకునే దారి వాళ్లకి ఎవరూ చూపించలేదు.

అసలు ఈ డాన్స్ పుట్టిందే సంగీతం వినడంలోంచి. 1950ల మొదట్లో క్యూబా రాజధాని హవానాలో ఎన్రికే హోరిన్ అనే వయొలిన్ కళాకారుడు, స్వరకర్త ఉండేవాడు. ఆర్కెస్ట్రా అమెరికా అనే బృందంలో వాయించేవాడు. అప్పటి మాంబో అనే క్యూబా డాన్స్ సంగీతంలో దెబ్బలు తాళానికి ఎదురుగా పడుతూ ఉండేవి, మామూలు జనం వాటికి అడుగు కలపలేక తడబడేవారు. అది గమనించి హోరిన్ తన బాణీల్లో తాళం తేటగా వినిపించేలా రాశాడు. డాన్స్ చేసేవాళ్లు ఆ పాటలకు తమంతట తాము మూడు చిన్న అడుగులు గబగబా వేయడం మొదలుపెట్టారు. నేల మీద ఆ మూడు అడుగుల చప్పుడే డాన్స్‌కి పేరైంది. అంటే జనం ఎక్కడ తడబడుతున్నారో చూసి సంగీతాన్ని మార్చాడు, జనం ఆ సంగీతం విని అడుగు పుట్టించారు. మనం మాత్రం అడుగు ముందు నేర్పి, పాట చివరి రోజున కలుపుతున్నాం.

ఆ తర్వాత లండన్‌లో పియర్, డోరిస్ లావెల్ అనే టీచర్ల జంట క్యూబా డాన్సులను పద్ధతిగా నేర్పడంలో చాలా కృషి చేసింది. ఈరోజు పోటీల్లో కనిపించే లాటిన్ చా-చాకి పునాది అక్కడే పడింది. ఆ పద్ధతిలో లెక్క ‘రెండు, మూడు, నాలుగు-అండ్, ఒకటి’. అంటే బ్రేక్ స్టెప్, అదే ముందుకో వెనక్కో బరువు మార్చే అడుగు, రెండో బీట్ మీద పడుతుంది. నాలుగో బీట్‌ని సగానికి విడగొట్టి రెండు చిన్న అడుగులు, మళ్లీ ఒకటి మీద ఒక అడుగు. నాలుగు బీట్లలో ఐదు అడుగులన్నమాట. కొన్నిచోట్ల సోషల్‌గా చేసేవాళ్లు ఒకటి మీద కూడా బ్రేక్ వేస్తారు, అందులో తప్పేమీ లేదు. కానీ జంటలో ఇద్దరూ ఒకే లెక్క మీద ఉండాలి, పాటలో ‘ఒకటి’ ఎక్కడుందో ఇద్దరికీ వినిపించాలి.

మా ఆయనా నేనూ హైదరాబాద్‌లో మొదట చేరిన చోట ఈ మాటే ఎత్తలేదు. ‘వన్ టూ చాచాచా’ అని అరుస్తూ అద్దం వైపు తిప్పి నిలబెట్టారు. ఆ తర్వాత దొరికిన టీచరు మమ్మల్ని కదలనివ్వకుండా కుర్చీల్లో కూర్చోబెట్టి పాట వినిపించారు. రెండో బీట్ మీద మాత్రమే చప్పట్లు కొట్టాలి. మా ఆయనకి చిన్నప్పుడు మృదంగం నేర్చుకున్న చెవి ఉంది, వెంటనే పట్టేశారు. నాకు టైమ్ పట్టింది. కానీ అది పట్టుబడ్డాక, లేచి నిలబడితే కాళ్లకి సగం పని తగ్గిపోయింది. ఆరోజు నుంచీ ఆవిడంటే నాకు అపారమైన గౌరవం.

పాట ఎంపికలో కూడా ఇదే సంగతి. తిశ్రగతిలో నడిచే పాటలు మనకి బోలెడు, పెళ్లిలో ఊపు తెచ్చేవి కూడా చాలావరకు అవే. అందులో ప్రతి బీటూ మూడుగా విడిపోతుంది. చా-చాలో ‘నాలుగు-అండ్’ సరిగ్గా సగానికి విడిపోవాలి. ఆ పాటకి ఈ అడుగు కూర్చోదు. చతురశ్రంలో, అంటే ప్రతి బీటూ నాలుగుగా విడిపోయే నడకలో, నిమిషానికి 120 బీట్ల దగ్గర ఉన్న పాట తీసుకోండి. నేర్చుకునేటప్పుడు ఇంకా నెమ్మదిగా పెట్టుకోండి. నిమిషానికి 120 అంటే రెండు సెకన్లలో ఐదు అడుగులు, అందుకే అడుగు చిన్నగా ఉండాలి. పెద్ద అడుగు వేస్తే అందంగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. పెద్ద అడుగు వేసినవాళ్లు తర్వాతి బీట్‌కి ఆలస్యమవుతారు, నడుము కదలిక పోతుంది, పక్కనున్నవాళ్ల లెహంగా తొక్కుతారు.

ఇక నాకు అన్నిటికంటే ముఖ్యమైన విషయం, లీడ్. అంటే తర్వాత ఏం చేయాలో జంటలో ఒకరు చేతి కదలికతో రెండోవాళ్లకి కబురు పంపడం. లీడ్ చేయడమంటే లాగడం కాదు, నెట్టడం కాదు, ‘ఇప్పుడు తిరుగు’ అని చెవిలో చెప్పడం అంతకన్నా కాదు. చెయ్యి కింద నుంచి పార్ట్‌నర్‌ని తిప్పాలంటే, ‘నాలుగు-అండ్-ఒకటి’ జరుగుతుండగానే చెయ్యి పైకి లేవాలి. అప్పుడు అవతలివాళ్లు రెండు, మూడు మీద తాపీగా తిరుగుతారు. రెండు వచ్చాక ఎత్తితే ఆ మనిషిని గుంజడం తప్ప మార్గం లేదు. న్యూయార్క్ అనే స్టెప్‌లో ఒక చెయ్యి వదిలి, ఇద్దరూ ఒకే వైపు తిరిగి, లోపలి కాలు ముందుకు వేస్తారు. అక్కడ పట్టుకున్న చెయ్యి వదులుగా వేలాడితే కబురు అందదు, బొటనవేలితో నొక్కి పట్టుకుంటే మణికట్టు నొప్పి. ఈ మధ్యస్తమైన పట్టు నేర్పడానికి ఒక క్లాసు మొత్తం కేటాయించినా నేను సంతోషంగా డబ్బు కడతాను. రొటీన్ బట్టీ పట్టినవాళ్లకి ఈ కబురే అక్కర్లేదు, తర్వాత ఏం వస్తుందో ఇద్దరికీ ముందే తెలుసు కాబట్టి. అందుకే వాళ్ల చేతులు కలిసి ఉన్నా మాట్లాడుకోవు.

ఫాలో చేసేవాళ్ల పని తేలిక అనుకోవడం కూడా నాకు నచ్చదు. తన బరువు తన కాళ్ల మీదే ఉంచుకుని, ముందే ఊహించి పరిగెత్తకుండా, వచ్చిన కబురుకి ఆ బీట్‌లోనే జవాబివ్వడం పెద్ద నైపుణ్యం. మగవాళ్లే లీడ్ చేయాలన్న పట్టుదల ఎందుకు? చెవి బాగున్నవాళ్లు లీడ్ చేయండి. కనీసం కొన్నాళ్లు పాత్రలు మార్చుకుని చూడండి. అవతలి చెయ్యి ఎంత ఆలస్యంగా లేస్తోందో, ఎంత గట్టిగా నొక్కుతోందో మీకే తెలుస్తుంది. ఇంట్లో ప్రాక్టీస్ గొడవల్లో సగం అక్కడే తీరిపోతాయి.

రొటీన్ వద్దనడం లేదు. బేసిక్ (పైన చెప్పిన ఐదు అడుగుల మూల స్టెప్), న్యూయార్క్, హ్యాండ్ టు హ్యాండ్ (ఒక చెయ్యి వదిలి, పక్కపక్కకి తిరిగి, కాలు వెనక్కి వేయడం), చెయ్యి కింద ఒక టర్న్, స్పాట్ టర్న్ (చేతులు వదిలి ఉన్నచోటే తిరగడం). ఈ ఐదూ పాట విని చేయగలిగితే రెండు నిమిషాల రొటీన్ ఒక సాయంత్రంలో అల్లుకోవచ్చు. డీజే పాటని మధ్యలో కోసేసినా టెన్షన్ ఉండదు, బేసిక్‌లోకి వచ్చి మళ్లీ ‘ఒకటి’ వినిపించేదాకా ఆగొచ్చు. పెళ్లిరోజు వేసుకునే చెప్పులతో, అంత బరువున్న బట్టలతో ముందే ఒకసారి చేసి చూడండి. చీర కట్టుకుంటే వెనక్కి వేసే బ్రేక్ స్టెప్ ఎంత దూరం వెళ్లగలదో ఇద్దరికీ తెలియాలి.

డాన్స్ క్లాసులు నడిపేవాళ్లకి నా విన్నపం ఒక్కటే. మొదటి క్లాసులన్నీ వినడానికీ, బేసిక్‌కీ, చేతి పట్టుకీ అని మీ ప్రకటనలోనే ధైర్యంగా రాయండి. ‘వారంలో’ అన్న మాట తీసేయండి. మా చెల్లెలి కూతురి పెళ్లి వచ్చే మాఘంలో ఉంది, అలా రాసిన చోట ఆ జంటని నేనే దగ్గరుండి చేర్పిస్తాను.