లైసెన్స్ ఏజెన్సీకి, డ్యూటీ గార్డుకి

గార్డు విజిల్‌ను తాడుకు కట్టి ఎడమ జేబులో పెట్టుకోవాలి. బూట్లకు లేసులుండాలి. చేతికి ఏజెన్సీ బ్యాడ్జి, భుజానికో ఛాతీకో హోదా చెప్పే బ్యాడ్జి, తల మీద టోపీ. ఎత్తు మగవాళ్లకు 160 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 150. దూరపు చూపు, కళ్లద్దాలతోనైనా సరే, 6/6. కిలోమీటరు దూరం ఆరు నిమిషాల్లో పరిగెత్తగలగాలి. ప్రైవేట్ సెక్యూరిటీ గార్డు ఎలా ఉండాలో 2006లో కేంద్రం ఇచ్చిన నమూనా నిబంధనలు ఇంత వివరంగా చెప్పాయి. ఇవి చదివాక మీ వీధిలోని ఏటీఎం ముందు ప్లాస్టిక్ కుర్చీలో కునికిపాట్లు పడుతున్న పెద్దాయన్ని ఒకసారి చూసి రండి. ఆయన్ని తప్పు పట్టడానికి కాదు. పగటి రిలీవర్ రాకపోతే రాత్రి డ్యూటీ దిగిన మనిషే మళ్లీ పగలూ కూర్చుంటాడు. దానికి ఈ రంగంలో ‘డబుల్’ అనే ముద్దు పేరు కూడా ఉంది.

కాబట్టి చట్టం లేకపోవడం మన సమస్య కాదు. ప్రైవేట్ సెక్యూరిటీ ఏజెన్సీల నియంత్రణ చట్టం 2005లో వచ్చింది, 2006 మార్చి నుంచి అమల్లో ఉంది. లైసెన్స్ లేకుండా ఏజెన్సీ నడిపితే ఏడాది దాకా జైలు, 25 వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఒక జిల్లాలో పనిచేయాలంటే ఫీజు 5 వేలు, ఐదు జిల్లాల వరకూ 10 వేలు, రాష్ట్రమంతా అయితే 25 వేలు. లైసెన్స్ ఐదేళ్లు నడుస్తుంది. యజమాని భారత పౌరుడై ఉండాలి. రెండేళ్లకు తగ్గని శిక్ష ఉన్న నేరంలో దోషులుగా తేలినవాళ్లు, దుష్ప్రవర్తన కింద ప్రభుత్వ ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్లు, నిషేధిత సంస్థలతో సంబంధాలున్నవాళ్లు ఏజెన్సీ పెట్టడానికి లేదు. 2019లో కేంద్ర హోంశాఖ ఈ లైసెన్స్‌ల కోసం ఆన్‌లైన్ పోర్టల్ కూడా పెట్టింది.

ఇదంతా ఏజెన్సీ ఓనర్ గురించి. ప్రభుత్వం నేరుగా పరీక్షించేది అతన్ని, అతని కాగితాలను. గేటు దగ్గర నిలబడే మనిషికి మాత్రం లైసెన్స్ అంటూ ఏదీ లేదు. అతనికి 18 నుంచి 65 ఏళ్ల లోపు వయసు ఉందా, నడవడిక మంచిదేనా, ట్రైనింగ్ పూర్తయిందా అన్నవి చూసుకోవాల్సింది అతన్ని పనిలో పెట్టుకునే ఏజెన్సీయే. ఫొటో గుర్తింపు కార్డు ఇచ్చేదీ అదే. ఎవరికి మనిషి అర్జెంటుగా కావాలో వాళ్లే ఆ మనిషి పనికొస్తాడని సర్టిఫై చేస్తారన్నమాట. ఈ చట్టంలోని మిగతా లొసుగులన్నీ ఇక్కడి నుంచే మొదలవుతాయని నా అభిప్రాయం.

ట్రైనింగ్ సంగతే తీసుకోండి. నమూనా నిబంధనల ప్రకారం కొత్త గార్డుకు 100 గంటల క్లాసు, 60 గంటల ఫీల్డ్ శిక్షణ, కనీసం 20 పనిదినాల్లో ఇవ్వాలి. మాజీ సైనికులకూ మాజీ పోలీసులకూ అయితే 40 గంటల క్లాసు, 16 గంటల ఫీల్డ్ చాలు. మంటలార్పడం, ప్రథమ చికిత్స, జనం గుమిగూడితే అదుపు చేయడం, పేలుడు పదార్థాలను గుర్తుపట్టడం, ఎఫ్‌ఐఆర్ ఎలా ఇవ్వాలి, ఆత్మరక్షణ హక్కు ఎంతవరకు అన్నవన్నీ సిలబస్‌లో ఉన్నాయి. గుర్తింపు కార్డులు చదవడానికి ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు కూడా నేర్పాలి. అమెరికాలోని కాలిఫోర్నియాలో ‘గార్డ్ కార్డ్’ తీసుకునే మనిషికి కార్డుకు ముందూ తర్వాతా కలిపి మొత్తం 40 గంటల శిక్షణే. అంటే కాగితం మీద మనం వాళ్లకంటే నాలుగు రెట్లు కఠినం. కానీ అక్కడ ఆ కార్డు రాష్ట్ర ప్రభుత్వం మనిషికి ఇస్తుంది. కంపెనీ మారినా కార్డు అతనితోనే వెళుతుంది.

బ్రిటన్‌లోనూ అంతే. చదువుకోవడానికి వెళ్లి పార్ట్‌టైమ్‌గా సెక్యూరిటీ డ్యూటీలు చేసే మన పిల్లలకు ‘ఎస్‌ఐఏ బ్యాడ్జి’ అంటే ఏంటో తెలుసు. 2001 నాటి చట్టం కింద అది అక్కడి సెక్యూరిటీ ఇండస్ట్రీ అథారిటీ మనిషికిచ్చే లైసెన్స్, నంబరు కొట్టి ఎవరైనా ఆన్‌లైన్‌లో చెక్ చేసుకోవచ్చు. లేకుండా పనిచేయడం నేరం, లైసెన్స్ లేని మనిషిని పనిలో దించడమూ నేరమే.

ఇక్కడ ఏం జరుగుతుందో చూద్దాం. ఊరి నుంచి ఒకతను ఆధార్ కార్డుతో, తెలిసినవాళ్లు ఇచ్చిన ఫోన్ నంబరుతో హైదరాబాద్ చేరతాడు. పొద్దున ఏజెన్సీ ఆఫీసుకు వెళతాడు. నడుము దగ్గర వదులుగా, చేతుల దగ్గర పొట్టిగా ఉన్న యూనిఫాం ఒకటి ఇస్తారు. దాని డబ్బు మొదటి జీతంలో కోత. సాయంత్రానికి ఏదో సైట్‌లో పాయింట్ మీద నిలబెడతారు. ‘‘రెండ్రోజులు పాతతని పక్కన నిలబడి చూసుకో, అదే వచ్చేస్తుంది’’ అంటాడు ఫీల్డ్ ఆఫీసర్. 160 గంటల శిక్షణ అక్కడికి పూర్తవుతుంది. నెల తిరిగేలోగా ఇంకో ఏజెన్సీ వెయ్యి రూపాయలు ఎక్కువిస్తానంటే అటు వెళతాడు. అక్కడ మళ్లీ అదే కథ, అదే యూనిఫాం కోత. ఆరు నెలల్లో వెళ్లిపోతాడనుకునే మనిషి మీద 20 రోజుల జీతం, శిక్షకుడి ఖర్చు ఏ ఓనరైనా ఎందుకు పెడతాడు? వాళ్ల వైపు నుంచి చూస్తే అది తప్పుడు లెక్కేమీ కాదు. మనిషికే లైసెన్స్ ఉంటే ఆ ఖర్చు ఒక్కసారి పెడితే పోతుంది, వచ్చే ఏజెన్సీ మళ్లీ మొదటికి రానక్కర్లేదు.

పైగా ఈ సర్వీసు కొనుక్కునేవాళ్ల రేటు ఒత్తిడి ఒకటి. ఆసుపత్రి కానివ్వండి, కాలేజీ కానివ్వండి, ప్రభుత్వ ఆఫీసు కానివ్వండి, టెండర్ పిలిస్తే తక్కువ రేటు వేసినవాడికే పని. జీతం కనీస వేతనం దగ్గర కట్టేసి ఉంటుంది కాబట్టి ఏజెన్సీలు సర్వీస్ ఛార్జీని నామమాత్రంగా కోట్ చేస్తాయి. మరి ఆఫీసు అద్దె, ఫీల్డ్ ఆఫీసర్ జీతం, ఓనర్ లాభం ఎక్కడి నుంచి రావాలి? పది మంది పేర్లు మస్టర్‌లో ఉండి సైట్‌లో ఎనిమిది మంది ఉండటం, పీఎఫ్‌లో యజమాని వాటా కూడా గార్డు జీతంలోంచే పట్టడం లాంటి ఫిర్యాదులు ఈ రంగంలో ఊరికే పుట్టలేదు. ఇలాంటి ఏజెన్సీని పెట్టుకున్న సంస్థ మీద 2005 చట్టం ఈగ వాలనివ్వదు. అందులోని శిక్షలన్నీ ఏజెన్సీ వైపే.

ఇక వాచ్‌మన్ దగ్గరికొస్తే ఆ చట్టం కూడా వర్తించదు. సెల్లార్ పక్కన ఒక్క గదిలో పెళ్లాంబిడ్డలతో ఉంటూ మోటారు వేసి, కార్లు కడిగి, చెత్త దించి, రాత్రి గేటు తీసే మనిషి అపార్ట్‌మెంట్ అసోసియేషన్ నేరుగా పెట్టుకున్నవాడు. చట్టం నియంత్రించేది సెక్యూరిటీని వ్యాపారంగా సరఫరా చేసేవాళ్లని మాత్రమే. సొంతంగా పెట్టుకుంటే ట్రైనింగ్ లేదు, ఎత్తు లేదు, విజిల్ లేదు. ఎక్కడైనా ఇంట్లో దొంగతనం జరిగితే మాత్రం పోలీసులు మొదట పిలిచేది ఇతన్నే.

చట్టం ఏజెన్సీకి కాకుండా పనికి అంటుకున్న చోటు ఒకటుంది, నగదు రవాణా. 2018 నిబంధనల ప్రకారం క్యాష్ వ్యాన్‌లో డ్రైవర్ కాక ఇద్దరు గార్డులు, నగదు బాధ్యత చూసే ఇద్దరు కస్టోడియన్లు ఉండాలి. ఒక్క ట్రిప్పులో 5 కోట్లు మించకూడదు. పట్టణాల్లో రాత్రి 9 దాటాక ఏటీఎంలో డబ్బు నింపకూడదు. ఎంత పకడ్బందీగా రాశారో చూడండి. 2025 జనవరిలో బీదర్‌లో పట్టపగలు కాల్పులు జరిపి ఏటీఎం డబ్బు పెట్టె ఎత్తుకుపోయినవాళ్లు హైదరాబాద్ అఫ్జల్‌గంజ్ దాకా వచ్చి ఇక్కడా కాల్చారు. నిబంధన రాసినంత మాత్రాన వ్యాన్‌లో మనిషి ఉన్నాడా లేడా అని రోజూ ఎవరు చూస్తారు అన్న ప్రశ్న అలాగే ఉంది.

గార్డుల విషయంలో చట్టం సగం దూరమైనా వచ్చింది. డిటెక్టివ్‌ల విషయంలో అసలు బయల్దేరలేదు. ప్రైవేట్ డిటెక్టివ్ ఏజెన్సీల నియంత్రణ బిల్లును 2007 ఆగస్టులో రాజ్యసభలో పెట్టారు. కేంద్రంలో ఒక బోర్డు, రాష్ట్రాల్లో బోర్డులు, తప్పనిసరి లైసెన్స్ అన్నారు. స్థాయీ సంఘానికి పంపారు. అది చట్టం కాలేదు. ఈ రోజుకీ ఒక గది అద్దెకు తీసుకుని, ‘రహస్యం గ్యారంటీ’ అని బోర్డు పెడితే మీరూ డిటెక్టివే. కాలిఫోర్నియాలో ఆ లైసెన్స్‌కు మూడేళ్లు, అంటే 6 వేల గంటల దర్యాప్తు అనుభవం చూపించి, పరీక్ష కూడా రాయాలి. అన్నట్టు, గార్డుల విషయంలో అంత పకడ్బందీగా ఉన్న బ్రిటన్ కూడా డిటెక్టివ్‌లకు లైసెన్స్ తెస్తామని 2013లో ప్రకటించి ఇంతవరకూ తేలేదు. ఈ బద్ధకం మనకొక్కళ్లకే ఉన్నది కాదు.

తెలుగు ఇళ్లలో డిటెక్టివ్ అవసరం ఎక్కువగా పెళ్లి సంబంధంతోనే పడుతుంది. అబ్బాయి డల్లాస్‌లో చెప్పిన ఉద్యోగమే చేస్తున్నాడా, ఇంతకుముందు పెళ్లయిందా, అప్పులున్నాయా. ఒకప్పుడు ఊళ్లో తెలిసినవాళ్ల ద్వారా వాకబు చేసేవారు, ఇప్పుడు ఫీజిచ్చి చేయిస్తున్నారు. అందులో తప్పేం లేదు. ఇరుగుపొరుగును అడగడం, ఆఫీసులో కనుక్కోవడం, కోర్టు రికార్డులు వెతకడం చట్టబద్ధమే. చిక్కంతా ఆ తర్వాతి మెట్టు దగ్గర. ‘‘కాల్ డేటా, అంటే ఎవరెవరికి ఫోన్ చేశారో ఆ లిస్టు కూడా తీయిస్తాం సార్, రేటు వేరే ఉంటుంది’’ అన్నప్పుడు ఎదురుగా కూర్చున్న తండ్రికి అది నేరమని తోచదు, అది కూడా ప్యాకేజీలో భాగమే అనుకుంటాడు. 2013లో బీజేపీ నేత అరుణ్ జైట్లీ కాల్ రికార్డుల కేసులో ఢిల్లీ పోలీసులు ఒక కానిస్టేబుల్‌ను, ప్రైవేట్ డిటెక్టివ్‌లను అరెస్టు చేశారు. 2018లో ఠాణే పోలీసులు కాల్ రికార్డుల అమ్మకాన్ని పట్టుకున్నప్పుడు దొరికినవాళ్లలోనూ డిటెక్టివ్‌లున్నారు. అంత పెద్ద నాయకుడి రికార్డులే బయటికొచ్చాయంటే మామూలు ఇంటి పిల్లవి ఎంత?

ఒక స్త్రీ ఇంటర్నెట్, ఈమెయిల్ వాడకాన్ని మగవాడు గమనించడం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద వెంటాడటమే, అంటే నేరం. నేరాల నివారణ బాధ్యత ప్రభుత్వం అప్పగించినవాళ్లకు అందులో మినహాయింపు ఉంది. డిటెక్టివ్‌కు ఆ బాధ్యత ఎవరూ అప్పగించలేదు. ఇటు 2025 జులైలో భార్యాభర్తల కేసుల్లో ఒకరికి తెలియకుండా ఇంకొకరు చేసిన సంభాషణల రికార్డింగ్‌ను సాక్ష్యంగా తీసుకోవచ్చని సుప్రీంకోర్టు చెప్పింది. దానర్థం మూడో మనిషిని పెట్టి ఫోన్‌లో స్పై యాప్ వేయించవచ్చని కాదు. కానీ సాక్ష్యం పనికొస్తుందనగానే దాన్ని తెచ్చిపెట్టేవాళ్లకు గిరాకీ పెరుగుతుంది. ఏది చేయవచ్చు, ఏది చేయకూడదు అని రాసిన లైసెన్స్ షరతు ఒకటుంటే కనీసం ఆ తండ్రి అడగడానికి ఒక ప్రశ్న ఉండేది. రద్దు చేయడానికి ప్రభుత్వం చేతిలో ఒక కాగితం ఉండేది. ఇప్పుడు దొరికితే కేసు, దొరక్కపోతే వ్యాపారం.

గార్డుల దగ్గర మార్పు మొదలవ్వాల్సింది కొనేవాళ్ల దగ్గర. దీనికి మన దగ్గరే ఒక నమూనా ఉంది. 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేసిన ప్రజా భద్రత చట్టం, ఒకేసారి వంద మంది లేదా రోజుకు 500 మంది వచ్చే సంస్థలు సీసీ కెమెరాల్లాంటి ఏర్పాట్లు చేసుకోవాలని ఆ సంస్థల మీదే బాధ్యత పెట్టింది, కెమెరా అమ్మేవాడి మీద కాదు. అదే పద్ధతిలో, శిక్షణ సర్టిఫికెట్ లేని గార్డును నిలబెట్టిన ఆసుపత్రి మీద, మాల్ మీద జరిమానా ఎందుకు ఉండకూడదు? ఆ సర్టిఫికెట్ గార్డు పేరు మీద, ప్రభుత్వ నంబరుతో ఉండాలి. దాని ఫీజు మాత్రం అతని జీతంలోంచి పట్టకూడదని స్పష్టంగా రాయాలి, లేదంటే యూనిఫాం కోత పక్కన లైసెన్స్ కోత అని ఇంకోటి చేరుతుంది. అలా చేరేట్టయితే ఈ సంస్కరణ అసలు వద్దనే నేనంటాను.

రేట్లు పెరుగుతాయని అసోసియేషన్ మీటింగుల్లో గొడవ తప్పదు. వంద ఫ్లాట్లు, ఆరుగురు గార్డులున్న చోట ఒక్కొక్కరి మీద నెలకు 3 వేలు పెరిగిందనుకుందాం. మొత్తం 18 వేలు, ఫ్లాట్‌కు 180 రూపాయలు.