సైట్లు మూస్తే పైరసీ ఆగుతుందా?
పైరసీ సైట్లను బ్లాక్ చేస్తే తమిళ నిర్మాతలు గట్టెక్కుతారని మీ వ్యాసంలో రాశారు, నాకైతే నమ్మకం లేదు. 2018 నవంబరులో రజనీకాంత్ '2.0' విడుదలకు ముందు మద్రాసు హైకోర్టు ఒకేసారి 12 వేలకు పైగా సైట్లను ఆపేయమంది. అయినా రిలీజ్ రోజే సినిమా పైరసీ సైటు తమిళ్‌రాకర్స్‌లోకి వచ్చేసింది. అడ్రస్ చివర నాలుగు అక్షరాలు మార్చుకుంటే ఇలాంటి సైట్ల వాళ్లకు కొత్త దుకాణం తెరిచినట్టే. ఇప్పుడు సైటు కూడా అక్కర్లేదు, టెలిగ్రామ్ లింకు చాలు. చెన్నైలో మా ఆఫీసు గ్రూపుల్లో శుక్రవారం సాయంత్రానికల్లా ఎవరో ఒకరు పంపిస్తారు, అదీ మంచి జీతాలు తీసుకునేవాళ్లే! టికెట్ ధర ఎక్కువన్న సాకు వాళ్ల దగ్గర చెల్లదు. పెద్ద హీరో సినిమాకు మొదటి మూడు రోజుల్లోనే జనం ఎగబడతారు కాబట్టి కొంత తట్టుకుంటుంది. మౌత్ టాక్‌తో రెండో వారం పుంజుకోవాల్సిన చిన్న సినిమాకే అసలు దెబ్బ. బాగుందని నలుగురికీ తెలిసేసరికి ఆ నలుగురూ ఫోన్లో చూసేసి ఉంటారు. 2023లో చట్టం సవరించి మూడేళ్ల దాకా జైలు అన్నారు, సరే. కానీ చాలా సినిమాలను నాలుగు వారాలకే ఓటీటీకి ఇచ్చేస్తున్నారు, ఆ రోజే శుభ్రమైన హెచ్‌డీ కాపీ బయటికొస్తోంది. ఆ గడువు పెంచే మాట వ్యాసంలో ఎక్కడా లేదేం?