రైలు తప్ప అన్నీ రెడీ

బెంగళూరు మెట్రో ఎల్లో లైన్‌ని డ్రైవర్ లేకుండా నడిచేలా తయారుచేశారు. అసలు రైలే లేకుండా నడుపుదామన్నది మొదటి ప్లాన్ కాబోలు. లేకపోతే ఆర్‌వీ రోడ్ నుంచి బొమ్మసంద్ర దాకా 19 కిలోమీటర్లు పట్టాలేసి, 16 స్టేషన్లు కట్టి, చివర్లో బోగీల కోసం వెతుక్కోవడమేమిటి? ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!

1895లో మద్రాసులో ఎలక్ట్రిక్ ట్రాములు నడిపినవాళ్ళు పాతకాలం మనుషులు. పట్టాలతో పాటు బండ్లు కూడా ఉండాలనుకున్నారు, పాపం.

ఇక్కడ రివ్యూ మీటింగ్ ఇలా జరిగి ఉంటుంది.

‘పట్టాలు?’

‘వేశాం సార్.’

‘కరెంటు?’

‘పట్టాల పక్కనే 750 వోల్టులు సార్. ముట్టుకుంటే అంతే.’

‘డ్రైవర్లు?’

‘అక్కర్లేదు సార్. అంతా కంప్యూటరే చూసుకుంటుంది.’

‘భేష్! మరి రైలు?’

‘2019లోనే ఆర్డరిచ్చాం సార్.’

‘ఎక్కడుంది?’

‘ఫైల్లో ఉంది సార్.’

టీ వచ్చింది. బిస్కెట్లు కూడా టైముకే వచ్చాయి.

మొదటి రైలు చైనా నుంచి ఓడెక్కి 2024 ఫిబ్రవరికి హెబ్బగోడి డిపో చేరింది. 2025 ఆగస్టు 10న లైన్ తెరిచేనాటికి పోగైనవి మూడు రైళ్ళు. 25 నిమిషాలకొకటి! డ్రైవర్ లేని ఆ రైళ్ళలో మొదట డ్రైవర్లనే కూర్చోబెట్టారు, అది వేరే కథ.

ఆర్‌వీ రోడ్‌లో గ్రీన్ లైన్ రైళ్ళు ఒకదాని వెనకొకటి జనాన్ని దింపేసి పోతుంటే, ఎల్లో లైన్ ప్లాట్‌ఫాం మీద నిలబడ్డ మన గుంటూరు కుర్రాడు టీమ్ లీడ్‌కి ఫోన్లో చెప్పుకుంటున్నాడు: ‘అబద్ధం కాదన్నా, స్టేషన్లోనే ఉన్నా. రైలే లేదు.’

తర్వాత ఒక్కో రైలూ వచ్చి చేరిందిలెండి. కానీ పోయిన ఏళ్ళ లెక్క ఎవరు చెబుతారు? నెత్తిమీద కోట్లు పోసి కట్టిన ఖాళీ వంతెన, కింద సిల్క్ బోర్డ్ జంక్షన్ ట్రాఫిక్ పొగ. బొమ్మనహళ్ళి గార్మెంట్ ఫ్యాక్టరీల్లో పొద్దంతా కుట్టి, నడుం పట్టేసి, బస్సు కడ్డీ పట్టుకుని వేలాడిన ఆడవాళ్ళని అడగండి. వాళ్ళ ముందు నిలబడి ‘సాంకేతిక కారణాలు’ అనండి చూద్దాం! సిగ్గుండాలి.

పైగా ఈ లైన్ తెరవకముందే, అదే ఏడాది ఫిబ్రవరిలో, మెట్రో గరిష్ఠ ఛార్జీని 60 రూపాయల నుంచి 90కి పెంచారు. పెంచిన ఛార్జీ ఓడలో రానక్కర్లేదుగా మరి.