మెడల్ యూనివర్సిటీది, మోకాలు పిల్లది

ఆ అమ్మాయి రైడర్. సౌత్ జోన్ ఇంటర్ యూనివర్సిటీ కబడ్డీలో, రెండో సగంలో కూతకు వెళ్లింది. బోనస్ గీత దాకా పోయి గిర్రున వెనక్కి తిరిగింది. ఎవరూ పట్టలేదు, ముట్టుకోలేదు కూడా. కుడి మోకాలు లోపల ‘టప్’మన్న చప్పుడు మాత్రం ఆమెకే వినిపించింది. పీడీ (ఫిజికల్ డైరెక్టర్) సార్ స్ప్రే కొట్టాడు, క్రేప్ బ్యాండేజీ చుట్టాడు. మర్నాడు జట్టంతా జనరల్ బోగీలో తిరిగొచ్చింది. ఊళ్లో పసరు కట్టు కట్టించారు. వాపు తగ్గింది, నయమైందని అందరూ అనుకున్నారు. కానీ మెట్లు దిగుతుంటే మోకాలు జారిపోయేది. ఐదు నెలల తర్వాత ఎమ్మారై తీస్తే, ఎముకల్ని కట్టి ఉంచే లిగమెంట్ పూర్తిగా తెగిపోయి ఉంది. ఒక ఆసుపత్రి ఓపీలో డాక్టరు రిపోర్టు చూసి, “పరుగు బంద్ చెయ్యి బిడ్డా, ఇంట్ల పనికేం ఇబ్బంది లేదు” అన్నాడట.

ఏ యూనివర్సిటీ, ఏ ఆసుపత్రి అని అడగకండి. దక్షిణ తెలంగాణలో పేరు మార్చినా కథ మారదు.

ఆ డాక్టరును నేను తప్పుపట్టను. ఆయన చదివిన వైద్యానికి మనిషి నడిస్తే చాలు. స్పోర్ట్స్ మెడిసిన్ మొదలయ్యేది సరిగ్గా అక్కడే. ‘ఆడకు’ అనడం దాని పని కాదు. ఎప్పుడు ఆడాలి, ఆడాలంటే ఇవాళ ఏం చేయాలి, రేపు ఎంత బరువు ఎత్తాలి, ఏ వారం దూకాలి, ఏ నెలలో తిరిగి కోర్టులోకి రావాలి అని చెప్పడం దాని పని. ఈ తేడా అర్థం కాకపోవడం వల్లే మన యూనివర్సిటీల్లో క్రీడా వైద్యమంటే ఇప్పటికీ పీడీ గదిలో ఒక స్ప్రే డబ్బా, దూది, గడువు తేదీ ఎవరూ చూడని నొప్పి బిళ్లలు.

రాష్ట్రం క్రీడల మీద మాట్లాడటం లేదని ఎవరూ అనలేరు. స్పోర్ట్స్ యూనివర్సిటీ ప్రకటన, 2025లో విడుదలైన క్రీడా విధానం, కార్పొరేట్ల సమక్షంలో చేసిన సదస్సు, అన్నీ మీరు చదివే ఉంటారు. నా అభ్యంతరం ఒక్కటే. వీటి గురించి ఎవరు మాట్లాడినా వేలు హైదరాబాద్ వైపే చూపిస్తారు. నల్గొండ నుంచైనా, మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాద్ దాదాపు 100 కిలోమీటర్లు. అద్దాల భవనంలో ఎంత గొప్ప యంత్రం పెట్టినా, తెగిన మోకాలు ఒక్కసారి పోయి చూపించుకుంటే అయ్యే పని కాదు.

ఎందుకో కాస్త వివరంగా చెప్పాలి. మోకాలి ముందు లిగమెంట్ తెగితే ఆపరేషన్ గంటా గంటన్నరలో అయిపోతుంది. అసలు వైద్యం ఆ తర్వాత మొదలవుతుంది. మొదటి వారాల్లో మోకాలు పూర్తిగా చాపడం, తొడ ముందు కండరాన్ని మళ్లీ బిగించగలగడం. తర్వాత ఒంటికాలి మీద నిలబడటం, గోడకు ఆనుకుని కూర్చోవడం, మెట్టెక్కడం. ఆ తర్వాత నెలలకు జాగింగ్. చివర్లో దూకడం, మళ్లడం, ఒక్కసారిగా ఆగడం. కబడ్డీకి కావాల్సింది ఈ చివరిదే. ఒంటికాలి మీద గెంతించి, రెండు కాళ్ల బలం కొలిచి, దెబ్బతిన్న కాలు మంచి కాలితో పోలిస్తే కనీసం 90 శాతం అందుకుందా అని చూస్తారు. అందుకోకపోతే ఆడనివ్వరు. తొమ్మిది నెలలు నిండకముందే కోర్టులోకి దిగినవాళ్లకు మోకాలు మళ్లీ తెగే ప్రమాదం ఎక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. వారానికి మూడు రోజుల చొప్పున తొమ్మిది నెలలు లెక్కేస్తే వందకు పైగా సిట్టింగులు. దేవరకొండ పక్క తండా నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకునే పిల్ల వందసార్లు హైదరాబాద్ పోతుందా? పోదు. మూడు సార్లు పోయి మానేస్తుంది. ఆపరేషన్ బాగానే జరుగుతుంది, మోకాలు మాత్రం పాడవుతుంది. మా కాలంలో అయితే ఆపరేషన్ ఊసే లేదు. డిగ్రీలో మూడేళ్లు కబడ్డీ కార్నర్‌లో ఆడిన గుర్తుగా, నా ఎడమ మోకాలు ఇప్పటికీ వర్షాకాలం వస్తే నాకంటే ముందు లేస్తుంది.

అసలు తెగకుండా చూసుకోవడం ఇంకా చవక. నార్వేలో 13–17 ఏళ్ల అమ్మాయిల ఫుట్‌బాల్ జట్ల మీద ఒక పెద్ద అధ్యయనం చేశారు. 1892 మంది ఆటగాళ్లు. సగం క్లబ్బులకు రోజూ చేసే వార్మప్‌నే మార్చి 20 నిమిషాల వ్యాయామ క్రమం నేర్పారు. దూకినప్పుడు మోకాళ్లు లోపలికి వాలకుండా నేలకు దిగడం, ఒంటికాలి మీద నిలకడ, తొడ వెనక కండరాలకు బలం. ఇంతే. 2008లో ఫలితాలు వచ్చాయి. మొత్తం గాయాలు దాదాపు మూడోవంతు తగ్గాయి, తీవ్రమైన గాయాలు సగం దగ్గరికి పడిపోయాయి. దీనికి యంత్రం అక్కర్లేదు, మ్యాట్ అక్కర్లేదు, టెండరు అక్కర్లేదు. బహుశా టెండరు అక్కర్లేకపోవడమే దీని లోపమేమో! గ్రౌండ్ చుట్టూ రెండు రౌండ్లు కొట్టి, చేతులు తిప్పి ‘వార్మప్ అయిపోయింది సార్’ అనే అలవాటు ఉన్న మన జట్లకు దీన్ని నేర్పే మనిషి ఒకరు కావాలి. కబడ్డీ, ఖోఖో రెండూ ఒక్కసారిగా ఆగి మళ్లే ఆటలు. అమ్మాయిలకు ఈ లిగమెంట్ తెగే ముప్పు అబ్బాయిల కంటే ఎక్కువ. ఈ సంగతి తెలిసి కూడా నేర్పకపోతే దాన్ని ఏమనాలి?

ఇది యూనివర్సిటీ స్థాయిలో అవసరమా అని ఎవరైనా అంటే బాక్సర్ నిఖత్ జరీన్‌ను గుర్తు చేస్తాను. 2017లో ఆమె భుజం కీలు తప్పింది ఒక అంతర్ విశ్వవిద్యాలయ పోటీలోనే. ఆపరేషన్ అయింది, దాదాపు ఏడాది రింగుకు దూరమైంది. 2022లో ప్రపంచ చాంపియన్ అయింది. మధ్యలో ఆ భుజాన్ని తిరిగి నిలబెట్టిన చికిత్స దొరక్కపోయి ఉంటే మనకు ఆ పేరే తెలిసేది కాదు. పీవీ సింధు సంగతి చూడండి. 2022 కామన్వెల్త్ స్వర్ణం తర్వాత ఎడమ పాదంలో స్ట్రెస్ ఫ్రాక్చర్ అని తేలితే ప్రపంచ చాంపియన్‌షిప్ వదులుకుంది, నెలల తరబడి ఆగింది, 2023 జనవరిలో తిరిగి ఆడింది. అదే ఎముక పగులు మన నల్గొండ ఎన్జీ కాలేజీ గ్రౌండ్లోనో మహబూబ్‌నగర్ ఎంవీఎస్ కాలేజీ గ్రౌండ్లోనో ఒక కుర్రాడికి వస్తే ‘పిక్క పట్టేసింది’ అంటారు. నూనె రాస్తారు. మర్నాడు మళ్లీ పరుగెత్తిస్తారు.

ఇక రక్తం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే 1500 మీటర్ల సెలక్షన్స్‌కు పది మంది అమ్మాయిలు గీత మీద నిలబడితే సగం మందికి పైగా సగం పెట్రోలుతో బయల్దేరుతున్నట్టే. ఆఖరి రౌండ్లో వెనకబడితే ‘స్టామినా లేదు’ అని పంపేస్తాం. స్టామినా కాదు సార్, హిమోగ్లోబిన్ లేదు. సీజన్‌కు ముందు ఒక రక్త పరీక్ష, ఐరన్ నిల్వలు చూసే ఇంకో పరీక్ష, ఒక కోర్సు మాత్రలు, మెస్‌లో గుడ్డు, ఆకుకూర. ఇంకొకటి, కోచ్‌లు సిగ్గుపడి అడగని సంగతి. గట్టిగా సాధన చేస్తూ తక్కువ తినే అమ్మాయిలకు నెలసరి ఆగిపోతుంది. కొందరు దాన్ని ఫిట్‌నెస్ అనుకుంటారు. అది తిండి చాలక శరీరం ఒక్కో దుకాణం మూసేస్తున్న లక్షణం. తర్వాత మూతపడేది ఎముక. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ దీనికి 2014లోనే ఒక పేరు పెట్టి హెచ్చరించింది. మన దగ్గర లేడీ పీడీ లేని కాలేజీలో ఆ పిల్ల ఎవరితో చెప్పుకోవాలి?

ఈ ఖాళీని శాస్త్రం నింపకపోతే వేరేది నింపుతుంది. 2023 సెప్టెంబర్‌లో ఢిల్లీ రాష్ట్ర అథ్లెటిక్స్ పోటీలకు డోపింగ్ పరీక్షకులు వచ్చారని తెలియగానే ఆటగాళ్లు మాయమయ్యారు, పురుషుల 100 మీటర్ల ఫైనల్లో ఒకే ఒక్కడు పరుగెత్తాడు. నవ్వుకున్నాం. డబ్బాల్లో పొడి అమ్మే జిమ్ కుర్రాడే న్యూట్రిషనిస్టు అయిన ఊళ్లలో నవ్వడానికి ఏమీ లేదు.

అవతలి మాట కూడా వినాలి. రెగ్యులర్ ప్రొఫెసర్లే సరిపడా లేని వర్సిటీల్లో, హాస్టల్ మెస్‌లో నీళ్ల చారు మీద ధర్నాలు జరిగే చోట, ఫిజియోథెరపిస్టు కావాలనడం పెళ్లికి ముందే ఉయ్యాల కొన్నట్టు ఉంటుందని ఒక పాత మిత్రుడు అన్నాడు. న్యాయమే. కానీ ఆ మిత్రుడికి తెలియనిదేమీ కాదు, ఇదే వర్సిటీ ఏటా జట్లను పంపుతోంది, ట్రాక్ సూట్లు కుట్టిస్తోంది, గెలిస్తే ఫ్లెక్సీ కట్టి ఫొటో దిగుతోంది. ఆడించడానికి డబ్బుంది. ఆడేటప్పుడు విరిగినదాన్ని అతికించడానికే లేదు.

నాకు ఇందులో కొత్త ఏమీ కనిపించదు. ఈ నేల మనుషుల ఒళ్లతో దేశం ఎప్పుడూ ఇలాగే వ్యవహరించింది. పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు. డ్యామ్ కట్టాలన్నా, కాలువ తవ్వాలన్నా, కొండ తొలచాలన్నా మేస్త్రి ముందు ఈ జిల్లాకే వచ్చి అడ్వాన్స్ ఇచ్చేవాడు. నడుం పడిపోయాక ఎవరూ రాలేదు. ఇటు నల్గొండలో మర్రిగూడ, మునుగోడు వైపు నీళ్లలో ఫ్లోరైడ్ మూడు తరాల వెన్నులు వంచింది. సర్వేలు చేశారు, ఎక్స్‌రేలు తీశారు, ఫొటోలు తీశారు. వంగిన మనిషికి రోజూ వచ్చి కీలు కదిలించి, నొప్పి తగ్గించి, మంచం మీద నుంచి లేపే ఫిజియో మాత్రం ఆ ఊళ్లకు రాలేదు. కొలవడానికి వచ్చినంత మంది కుదర్చడానికి రాలేదు. గ్రౌండ్లో మోకాలు పట్టుకుని కూర్చున్న పిల్ల తాత ఒకప్పుడు శ్రీశైలం కాడ రాళ్లు మోసి ఉండొచ్చు. ఇద్దరి మీదా లెక్క ఒకటే: పని చేసినంత కాలం నీ ఒళ్లు మాది, ఆ తర్వాత నీది.

కానీ ఇదే జిల్లా పేరు మీద ఒక శాస్త్ర పద్ధతి కూడా ఉంది. నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించడానికి నాగపూర్‌లోని నీరి సంస్థ తయారుచేసిన ‘నల్గొండ టెక్నిక్’. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్, ఒక బకెట్. దానికీ పరిమితులున్నాయి, అది వేరే కథ. నాకు నచ్చింది దాని తీరు. రోగిని ల్యాబ్ దాకా రమ్మనలేదు, ల్యాబే బకెట్‌లో పట్టి ఊరికొచ్చింది. క్రీడా వైద్యాన్నీ అలాగే తేవచ్చు. మహబూబ్‌నగర్‌లో 2016 నుంచి, నల్గొండ, సూర్యాపేటల్లో 2019 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీలు ఉన్నాయి. ఆర్థోపెడిక్స్ ఉంది, ఫిజియాలజీ ఉంది, రక్త పరీక్షలు చేసే ల్యాబ్ ఉంది, థీసిస్‌కు సబ్జెక్టు వెతుక్కునే పీజీలున్నారు. మహబూబ్‌నగర్‌లోనే పాలమూరు వర్సిటీ, నల్గొండలోనే మహాత్మాగాంధీ వర్సిటీ ఉన్నాయి. మెడికల్ కాలేజీకి, వర్సిటీకి మధ్య ఒక ఒప్పంద కాగితం, వర్సిటీ పద్దులో గ్రౌండ్ దగ్గరే కూర్చునే ఒక ఫుల్‌టైమ్ ఫిజియో, జట్టు ఎక్కడికి పోతే అక్కడికి ఆమె ప్రయాణం, జూన్‌లో అందరికీ రక్త పరీక్ష. ఎండాకాలం సెలక్షన్స్ పెడితే గీత పక్కన మంచు నీళ్ల టబ్బు ఒకటి. వడదెబ్బ తగిలితే ముందు ఒళ్లు చల్లార్చాలి, తర్వాతే అంబులెన్స్ ఎక్కించాలి. మన 45 డిగ్రీల ఎండల్లో ఇది ప్రాణం మీది మాట. అమృత్‌సర్‌లోని గురునానక్ దేవ్ వర్సిటీ ఏళ్ల కిందటే స్పోర్ట్స్ మెడిసిన్, ఫిజియోథెరపీ విభాగాన్నే పెట్టుకుంది. వర్సిటీ క్రీడలకిచ్చే మాకా ట్రోఫీని అది ఇరవైకి పైగా సార్లు గెలవడం కేవలం పంజాబ్ నెయ్యి మహిమ అని నేను నమ్మను.

ఆ రైడర్ అమ్మాయి మొన్న ఫోన్ చేసింది. స్పోర్ట్స్ కోటా సర్టిఫికెట్ ఉంది కానీ ఆట లేదు కాబట్టి కానిస్టేబుల్‌కు ప్రిపేర్ అవుతోందట. పొద్దున్నే స్టేడియంలో ఈవెంట్స్ ప్రాక్టీస్. “సార్, 800 మీటర్లు ఉరకాలె. నా మోకాలు ఆగుతదా?” అని అడిగింది. ముందు తొడ బలం కొలిపించుకో అన్నాను. “ఎక్కడ సార్?” అంది. ఇంత వ్యాసం రాసే నేను కాసేపు ఆలోచించి, హైదరాబాద్ పోయి చూపించుకో అన్నాను. “ఎన్నిసార్లు పోవాలె సార్?” అంది, పెట్టేసింది.