అంగుళం కూడా వదలం!

హిమాలయాల సరిహద్దు మాటొస్తే చాలు, అటువైపు నాయకుడైనా ఇటువైపు నాయకుడైనా బల్ల గుద్ది చెప్పేది ఒకటే: "ఒక్క అంగుళం కూడా వదలం." చాలా సంతోషం. కాకపోతే ఈ అంగుళాల లెక్కేదో సర్వేయర్ని పిలిచి గొలుసు వేయించి తేల్చుకుంటే మంచిదని నా మనవి. ఎందుకంటే ఈ కేసులో కబ్జాదారులం మనమే. అదీ దాదాపు ఐదు కోట్ల ఏళ్లుగా.

మన దేశాన్ని మోస్తున్న భూఫలకం ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు, అంటే రెండంగుళాలు, ఉత్తరం వైపు జరుగుతోంది. రాత్రికి రాత్రి హద్దురాయి జరిపే పెద్దమనుషులు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. మనది అంతకంటే పెద్ద చెయ్యి. చార్మినార్, విశాఖ బీచ్, మీరు కూర్చున్న కుర్చీతో సహా మొత్తం మూటగట్టుకుని పక్కవాడి మీదకి పోతున్నాం. ఆ తోపులాటలో నేల నలిగి, మడతలు పడి, పైకి లేచిందే 2,400 కిలోమీటర్ల హిమాలయం. ఆ మడతల మీద ఇప్పుడు పాకిస్తాన్, భారత్, నేపాల్, చైనా, భూటాన్ పంపకాలు పెట్టుకున్నాయి. ఉమ్మడి ఆస్తి సరే, ఆస్తే కదులుతుంటే పాస్‌బుక్‌లో హద్దులు ఏమని రాయాలి?

ఎత్తు దగ్గరా పేచీయే. 1856లో ఎవరెస్టు ఎత్తు 29,002 అడుగులని ప్రకటించారు. లెక్క సరిగ్గా 29,000 వచ్చిందట. అలా గుండ్రంగా చెబితే ఉజ్జాయింపు అనుకుంటారని ఇంకో రెండు అడుగులు కలిపారని చెబుతారు. కూరగాయల కొట్లో కొసరు తెలుసు గానీ, కొండకి కొసరేయడం అదే మొదలు. తర్వాత 2005లో చైనా కొలిచి 8,844.43 మీటర్లంది. కాదు, 8,848 అంది నేపాల్. చైనా లెక్క కింద రాతి వరకే, నేపాల్ లెక్క మంచుతో కలిపి. పెళ్లిచూపుల్లో అమ్మాయి ఎత్తు కొప్పుతో కలిపి చెప్పాలా, కొప్పు విప్పి చెప్పాలా అన్నట్టుంది వ్యవహారం. 2020 డిసెంబరులో ఇద్దరూ రాజీపడి 8,848.86 అన్నారు. కొప్పుతోనే.

నీళ్లు ఎటు పారితే అటువైపువాళ్లదే నేల, శిఖరాల వరసే హద్దు అని ఇంకో సూత్రముంది. కాగితం మీద ముచ్చటగా ఉంటుంది. సింధు, సట్లెజ్, బ్రహ్మపుత్ర దాన్ని చదవలేదు. మూడూ ఆ వరసకి అవతల, టిబెట్‌లో పుట్టి, కొండలు కోసుకుంటూ ఇవతలికొస్తాయి. కొండ లేవకముందు నుంచే అవి అక్కడ పారుతున్నాయి మరి, దారి అడగాల్సింది కొండే. ఇక కోసీ నదికి తన హద్దే గుర్తుండదు. 2008 ఆగస్టులో నేపాల్‌లోని కుసహా దగ్గర కట్ట తెంచుకుని, ఎప్పుడో వదిలేసిన పాత దారి పట్టి బిహార్‌ని ముంచింది.

ఒక్కోసారి అవతలి నేల కూడా ఊరుకోదు. 2015 ఏప్రిల్ 25 భూకంపంలో కఠ్మాండు ప్రాంతం కొన్ని క్షణాల్లోనే మీటరుకి పైగా దక్షిణానికి, అంటే మనవైపుకి, జరిగింది. నేపాల్‌లో దాదాపు తొమ్మిది వేల మంది పోయారు. అక్కడ మాత్రం నాకు నవ్వు రాదు.

ఇంతకీ అసలు పట్టా ఎవరిది? టెథిస్ సముద్రానిది, అంటే ఈ కొండలు లేవకముందు ఇక్కడున్న సముద్రానిది. ఎవరెస్టు కొన మీదున్నది సముద్రం అడుగున పేరుకున్న సున్నపురాయి. అంతదూరం ఎక్కి చూడక్కర్లేదు, సాక్ష్యం మా పూజగదిలోనే ఉంది. నేపాల్ కాళీగండకి నదిలో దొరికిన సాలగ్రామం. నల్లగా, నున్నగా, నిమ్మకాయంత. ఒకచోట పెచ్చు ఊడింది. లోపల చుట్టలు చుట్టుకున్న చక్రం. మా అమ్మకి అది విష్ణుచక్రం. భూగర్భ శాస్త్రజ్ఞులకి ఎన్నో కోట్ల ఏళ్ల కిందట ఆ సముద్రంలో ఈది, తర్వాత అంతరించిపోయిన అమ్మొనైటు అనే జీవి గుల్ల. ఇద్దరి మాటా కాదనే ధైర్యం నాకు లేదు.

మొన్న ఈ వ్యాసం కోసమే దాన్ని తీసి దీపం దగ్గర తిప్పితిప్పి చూశాను. సముద్రం, కొండ, నది, మా ఇల్లు, ఎంత తిరిగొచ్చిందో అనుకుంటూ తిరిగి పళ్లెంలో పెట్టబోతుంటే వంటింట్లోంచి కేక:

"ఉన్నచోటే పెట్టు నాయనా, అంగుళం కూడా జరపకు!"