పనీరే పరమావధిగా జపాన్ యాత్ర

జపాన్ వెళ్లి వచ్చినవారిని అక్కడ ఏమి తిన్నారని అడగడం మర్యాద కాదని ఈ మధ్యనే గ్రహించాను. మొన్నటి కార్తీకమాసంలో, అక్కడి మేపుల్ ఆకులు ఎర్రబడే వేళ, ఇరవై నలుగురు తెలుగువారం కలిసి ఎనిమిది రోజుల ప్యాకేజీ యాత్ర చేశాము. కరపత్రంలో ఫుజి పర్వతం బొమ్మ కన్నా ప్రముఖంగా 'ఇండియన్ భోజనం గ్యారంటీ' అని అచ్చువేసిన నిర్వాహకులు మాట తప్పలేదు. టోక్యోలో పనీర్ బటర్ మసాలా, హకోనెలో పనీర్ బటర్ మసాలా, ఒసాకాలో మార్పు కోసమని కడాయి పనీర్. జపనీయుల సంప్రదాయ భోజన విధానమైన వషోకును 2013లో మానవాళి వారసత్వంగా గుర్తించిన యునెస్కో, ఈ పనీరును ఎలా విస్మరించిందో వారే సంజాయిషీ చెప్పుకోవాలి.

ఒక్క పూట మాత్రం 'జపనీస్ అనుభవం' పేరిట మమ్మల్ని క్యోటోలో ఉదోన్, అంటే చారులో వేసిన లావుపాటి గోధుమ నూడుల్స్, అమ్మే ఒక కొట్టుకు తోలారు. పన్నెండు మందికి సరిపోయే ఆ గదిలోకి, పెళ్లివారు విడిదింట్లోకి దిగినట్లుగా దిగాము. వృద్ధ దంపతులు గిన్నెలు అందించేలోపే బల్లల మీద ఆవకాయ సీసా, కందిపొడి డబ్బా, నేతి గిన్నె వెలిశాయి. ఒక పెద్దమనిషి ఉల్లిపాయ, నిమ్మచెక్క తెమ్మని తెలుగులో అడిగి, అర్థం కాలేదని గమనించి, అదే తెలుగులో మరింత గట్టిగా అడిగారు. ఆ వృద్ధుడు వంగి నమస్కరిస్తే, ఆర్డరు అందిందని సంతృప్తి చెందారు. మరొకరు అన్నం గిన్నెలో, తినడానికిచ్చిన రెండు పుల్లలను ధ్వజస్తంభాల్లా నిలబెట్టి సెల్ఫీ తీసుకున్నారు. ఆ దేశంలో పుల్లలను అలా నిలబెట్టేది చనిపోయినవారికి పెట్టే అన్నంలోనే. అనగా మనవారు పిండంతో ఫొటో దిగారన్నమాట. ఆ ఇల్లాలు చిరునవ్వుతో వచ్చి పుల్లలు తీసి పక్కన పెడితే, "సర్వీసంటే ఇదీ!" అని మెచ్చుకున్నారు కూడాను.

ఇంతవరకు నవ్వుకోవచ్చు. నా పక్కన కూర్చున్న పెద్దావిడ కార్తీక నియమంలో ఉన్నారు. ఉల్లి, వెల్లుల్లి పడిన పనీరును ముట్టరు కనుక, గ్యారంటీ భోజనంలో ఆవిడ వంతుకు ఆరు రోజులుగా దక్కింది పెరుగన్నం, అరటిపండు. "ఇందులో చేప లేదు కదా, బాబూ?" అని ఆవిడ గైడును అడిగారు. "ప్యూర్ వెజ్, అమ్మా," అన్నాడతను, ఫోనులోంచి తల ఎత్తకుండానే. ఆవిడ గిన్నెను కళ్లకద్దుకుని తాగారు. ఉదోన్ చారుకు ప్రాణం దాషి. దాషి అంటే కొంబు అనే సముద్రపు నాచు నుంచీ, ఎండబెట్టి పొరలు పొరలుగా చెక్కిన కట్సువో చేప నుంచీ దింపిన సారం. ఏటా బస్సులకు బస్సులు జనాన్ని తిప్పే మనిషికి ఇది తెలియదా? తెలుసు. ఇది దగా. డెబ్బై ఏళ్లు నిలుపుకున్న నిష్ఠను రెండు నిమిషాల సౌకర్యం కోసం చారులో ముంచేశాడు. నేను నోరు తెరిచేసరికి గిన్నె ఖాళీ అయింది, ఆ తరువాత ఆవిడకు చెప్పే ధైర్యం నాకూ లేకపోయింది.

అదే ఉదయం అరషియామ వెదురు తోపులో నలభై నిమిషాలు ఫొటోలకు ఆగాము. ఆ పక్కనే తెన్ర్యూజి ఆలయ ప్రాంగణంలో బౌద్ధ సన్యాసుల షోజిన్ ర్యోరి భోజనం వడ్డిస్తారు. మాంసం, చేప లేవు సరికదా ఉల్లి, వెల్లుల్లి కూడా నిషిద్ధం. చారు సైతం కొంబుతో, ఎండు పుట్టగొడుగులతో కాస్తారు. అక్కడికెందుకు తీసుకువెళ్లలేదని బస్సులో గైడును నిలదీశాను.

"అక్కడ ఇండియన్ ఫుడ్ దొరకదు సార్," అని నా అజ్ఞానానికి జాలిపడ్డాడు.